చెక్క చెప్పులు మిగిలాయి, మాట మిగల్లేదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికాలో మన పిల్లల తెలుగు గురించి గత నెల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడి తెలుగు సంఘాలు పండగలు ఇంత ఘనంగా చేస్తున్నాయి కాబట్టి భాషకు ఢోకా లేదని అందులో రాశారు. పక్కనే పట్టు పరికిణీలు కట్టుకున్న పిల్లల ఉగాది ఫొటో వేశారు. ఫొటో చూస్తే నాకూ ముచ్చటేసింది. ఆ మాటతో మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ఎందుకో చెప్పాలంటే నేనిప్పుడు ఉంటున్న ఊరి సంగతి చెప్పాలి. ఉత్తరం పొడుగైంది, వీలైతే కోతలు పెట్టకుండా వేయండి.

నేను బందరులో ముప్పై రెండేళ్లు సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. పుట్టి పెరిగింది వలందపాలెంలో. వలందులంటే డచ్చివాళ్లు. హాలండ్ అన్న పేరు మనవాళ్ల నోట్లో నలిగి ఒలందా, వలందా అయింది. వాళ్లు 1605లో బందరు రేవుకు వచ్చి, మన అద్దకం బట్టలు కొని ఓడలకెత్తి, తూర్పు దీవుల్లో వాటిని మిరియాలకీ లవంగాలకీ మార్చుకునేవారు. బందరుకోటలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్లి చూపించేదాన్ని. రాళ్ల మీద చెక్కిన అక్షరాల గాళ్లలో పిల్లలు వేళ్లు పెట్టి దిద్దేవాళ్లు. "ఏం రాసుంది టీచర్?" అని అడిగేవాళ్లు. పుస్తకంలో ఉన్నది చెప్పేదాన్నే గానీ ఆ అక్షరాలు నాకూ చదవడం రాదు.

ఆ వలందపాలెం మనిషిని ఇప్పుడు ఏడాదికి ఆరు నెలలు హాలండ్ అనే ఊళ్లోనే ఉంటున్నాను. యూరప్‌లోది కాదు, అమెరికాలో మిషిగన్ సరస్సు పక్కన ఉన్న హాలండ్. మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. జనాభా సుమారు 34 వేలు, అంటే మన గుడివాడలో సగం కూడా ఉండదు. చలికాలంలో మంచు మోకాలి లోతు పడుతుంది గానీ బజారు వీధిలో ఒక్క గడ్డ ఉండదు. రోడ్డు కింద, కాలిబాట కింద గొట్టాలు వేసి వేడినీళ్లు పారిస్తారు. నాలాంటి మోకాళ్ల నొప్పుల వాళ్లు జనవరిలో కూడా జారకుండా నడిచి రాగలిగే వీధి అది.

ఈ ఊరు పుట్టింది 1847 ఫిబ్రవరిలో. డచ్చి దేశంలో రాజు చెప్పినట్టు నడిచే చర్చి వద్దని 1834లో కొందరు విడిపోయారు. ఇరవై మందికి మించి చేరి ప్రార్థన చేస్తే జరిమానాలు వేశారు, పాస్టర్లను జైల్లో పెట్టారు, ఇళ్లలో సిపాయిల్ని దించారు. ఆ తర్వాత 1840లలో ఆలుగడ్డకు తెగులు పట్టింది. ఆలుగడ్డే అన్నంగా తినే పేదవాళ్లకు అది పెద్ద దెబ్బ. అప్పుడు ఆల్బర్టస్ వాన్ రాల్టె అనే పాస్టర్ కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని సముద్రం దాటి వచ్చి, ఈ అడవిలో దిగాడు. వాళ్లది చెట్టన్నదే పెద్దగా లేని పల్లపు నేల. గొడ్డలి పట్టడం కూడా ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నారట. మొదటి వేసవిలోనే చలిజ్వరాలూ విరేచనాలూ వచ్చి ఎందరో పోయారు. అదే ఏడు నవంబరు 21న, ఫీనిక్స్ అనే స్టీమరు ఇదే సరస్సులో అవతలి ఒడ్డు కొద్ది మైళ్లలో ఉందనగా కాలిపోయింది. పోయిన సుమారు రెండు వందల మందిలో ఎక్కువమంది కొత్తగా వస్తున్న డచ్చివాళ్లే.

ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. అది ఎవరూ లేని అడవి కాదు. ఒట్టావా అనే ఆదివాసీ తెగవాళ్లు అక్కడ ఊరు కట్టుకుని, పంటలు వేసుకుని ఉన్నారు. కొత్తవాళ్లు వచ్చిన రెండేళ్లకే, 1849లో, పడవలెక్కి ఉత్తరానికి వెళ్లిపోయారు. జిల్లాకు మాత్రం ఈ రోజుకీ వాళ్ల పేరే, ఒట్టావా కౌంటీ.

వచ్చిన డచ్చివాళ్లు తమ దేశంలోని జిల్లాల వారీగా ఇక్కడ ఊళ్లు కట్టుకున్నారు. జీలండ్ వాళ్లు జీలండ్ అని, ఫ్రీస్‌లాండ్ వాళ్లు ఫ్రీస్‌లాండ్ అని, డ్రెంతె వాళ్లు డ్రెంతె అని. బోర్డులు చూస్తూ కారులో పోతుంటే గంటలో డచ్చి దేశం పటమంతా తిరిగినట్టుంటుంది. ఊరికో యాస. మన సిక్కోలు మనిషి, కడప మనిషి పక్కపక్క ఊళ్లలో కాపురం పెట్టినట్టు ఊహించుకోండి. పేర్లు కూడా మన ఇంటిపేర్ల లాంటివే. వాన్ రాల్టె అంటే రాల్టె ఊరివాడు. డైక్‌స్ట్రా అంటే కరకట్ట దగ్గరి వాడు. కాకర్లవారు, కొమ్మూరివారు అన్నట్టే.

మా పక్కింటి పెద్దాయన పేరు చివర కూడా 'స్ట్రా' ఉంది. ఎనభై ఆరేళ్లు. భార్య పోయింది, ఒక్కరే ఉంటారు. మొదటిసారి పలకరించినప్పుడే మా అల్లుడి కంపెనీ ఏదో అడిగి, అక్కడ తన మేనల్లుడి బావమరిది పనిచేస్తాడని చెప్పి, ఆ బావమరిది ఏ చర్చికి వెళ్తాడో, ఆయన భార్య ఏ ఊరి ఆడపడుచో వరుసగా చెప్పుకొచ్చారు. ఇద్దరు డచ్చివాళ్లు కలిస్తే చుట్టరికం తేలేదాకా వదలరట, దానికి 'డచ్ బింగో' అని పేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. మనం రైల్లో ఎదురు సీటు వాళ్లను "మీదే ఊరండీ, ఇంటిపేరేంటండీ" అని అడిగి గుంటూరు దాటేలోపు వియ్యంకుల వియ్యంకులం అయిపోవడం లేదూ, సరిగ్గా అదే.

డిసెంబరులో ఆయన బాంకెట్ అని ఒక మిఠాయి తెచ్చి ఇచ్చారు. పొడుగాటి పొరల పిండి చుట్ట, లోపల బాదం ముద్ద. నేను బందరు లడ్డు ఇచ్చాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, లడ్డు ముందు పెట్టుకుని, కళ్లు మూసుకుని చేతులు జోడించి "హేరె, జేఖెన్ దేజె స్పైజె, ఆమెన్" అని గొణిగి, అప్పుడు తుంచి నోట్లో వేసుకున్నారు. ఏం చదివారని అడిగాను. ప్రభువా, ఈ ఆహారాన్ని ఆశీర్వదించు అని అర్థమట. వాళ్ల తాతగారు నేర్పారట. ఏ మాటకు ఏది అర్థం అని విడదీసి అడిగాను, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆయన కాసేపు ఆలోచించారు. 'హేరె' అంటే ప్రభువు. మిగతావి తెలియవు. ఎనభై ఏళ్లుగా రోజుకు మూడు పూటలా చదువుతున్న ప్రార్థన అది.

తాతగారి బైబిలు కూడా తెచ్చి చూపించారు. తోలు అట్ట, ఇత్తడి గొళ్లెం. ముందు పేజీల్లో మూడు తరాల పుట్టుకలు, చావులు సిరాతో రాసి ఉన్నాయి. పేర్లూ తేదీలూ చదివారు. పేజీ తిప్పాక ఇక చదవలేదు. బందరుకోటలో పిల్లలు దిద్దిన అక్షరాలే నాకు గుర్తొచ్చాయి. అక్కడ చదవలేకపోయింది పరాయిదాన్నైన నేను. ఇక్కడ సొంత మనవడు.

"మీకు డచ్చి మాటలు ఇంకేమైనా వచ్చా?" అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. ఒపా, ఒమా అంటే తాత, అమ్మమ్మ. ఆయన మునిమనవలు ఇప్పటికీ ఆయన్ని ఒపా అనే పిలుస్తారు. తిండి పేర్లు ఓ పది. 'ఫీస్' అంటే ఛీ, అసహ్యం. చిన్నప్పుడు నేల మీద పడింది తినబోతే వాళ్లమ్మ అనేదట. 'బెనౌట్' అనే ఇంకో మాట, ఉక్కపోతకూ అదే, గుండెల్లో బెంగకూ అదే. దానికి ఇంగ్లీషులో సరైన మాట దొరకదని, అందుకే అది ఇంట్లో నిలిచిపోయిందని అన్నారు. అంతే. చుట్టరికం, తిండి, ఛీ, ప్రార్థన.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మా మనవరాలికి మిగిలిన తెలుగు ఏమిటో నేనూ వేళ్ల మీద లెక్కపెట్టాను. అమ్మమ్మ, తాతయ్య, పిన్ని. పప్పు, పెరుగు, ఆవకాయ. ఛీ. పడుకునే ముందు నేను నేర్పిన వినాయకుడి పద్యం. మర్నాడు పద్యం చదివాక "బొజ్జ అంటే ఏంటమ్మా?" అని అడిగాను. "అది కూడా దేవుడి పేరే కదా అమ్మమ్మా?" అంది. పద్యం తప్పు లేకుండా వచ్చు. సరిగ్గా అదే జాబితా, సంపాదకులు గారూ. ఆయన వాళ్లు వచ్చి నాలుగు తరాలైంది. మావాళ్లు వచ్చి పద్దెనిమిదేళ్లే.

ఇక పండగ గురించి చెప్తాను, అసలు విషయం అందులోనే ఉంది. ఏటా మే నెలలో ఇక్కడ ట్యూలిప్ పండగ జరుగుతుంది. వీధి వీధికీ రెండు వైపులా లక్షల పూలు. నల్ల దుస్తులు, తెల్ల టోపీలు, చెక్క చెప్పులు వేసుకుని ఊళ్లో జనమంతా బకెట్లు, చీపుళ్లు పట్టుకుని ముందు వీధి కడుగుతారు, తర్వాత ఊరేగింపు. హైస్కూలు పిల్లలు చెక్క చెప్పులతో నాట్యం చేస్తారు. మా మనవరాలు పోయినేడు అందులో చేరింది. రోజూ స్కూలు అయ్యాక ప్రాక్టీసు. చెప్పులు చెక్కవి, కాలు కోసుకుపోతుంది. అందుకని ఒకదాని మీద ఒకటి ఎనిమిది జతల మేజోళ్లు వేసుకునేది. అవి తొడగడానికి నేను కింద కూర్చుని లాగేదాన్ని, తను గోడ పట్టుకుని నిలబడేది. రోడ్డు మీద వందల జతల చెక్కలు ఒక్కసారి పడుతుంటే ఆ చప్పుడు ఛాతీలో వినిపిస్తుంది. బట్టలు కచ్చితంగా పాత పద్ధతిలో ఉన్నాయో లేదో ముందే తనిఖీ చేస్తారు. చెవిపోగులుండకూడదు, గోళ్ల రంగు ఉండకూడదు. ఆ తనిఖీ రోజు మా ఇంట్లో అందరికీ టెన్షనే. తను నెగ్గినప్పుడు నేను ఏడ్చేశాను. తెలుగు పిల్ల డచ్చి పిల్లల మధ్య, మెక్సికో పిల్లల మధ్య అడుగు తప్పకుండా ఆడింది. ఈ ఊళ్లో ఇప్పుడు దాదాపు నలుగురిలో ఒకరు మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాల వాళ్లు, వాళ్ల పిల్లలూ ఆ చెప్పులే వేసుకుని ఆడతారు. ఆ పండగ అంటే నాకు ఎంతో ఇష్టం.

ఇంత చెప్పాక ఆ పండగ ఎప్పుడు మొదలైందో కూడా చెప్పాలి. 1847లో కాదు. 1927లో ఒక బయాలజీ టీచరు, లీడా రోజర్స్ గారు, ఊరంతా ట్యూలిప్‌లు నాటుదామని మహిళల క్లబ్బులో ప్రతిపాదించారు. 1928లో మునిసిపాలిటీ లక్ష దుంపలు తెప్పించింది. 1929లో మొదటి పండగ. చెక్క చెప్పుల నాట్యం 1930లలో వచ్చింది. అప్పటికి చర్చిల్లో ఏం జరుగుతోందో దానితో పోల్చి చూడండి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పరాయి భాష మాట్లాడితేనే దేశద్రోహి అనే గాలి వీచింది. డచ్చివాళ్లు చాలామంది ఉన్న అయోవా రాష్ట్రంలో 1918లో గవర్నరు, స్కూల్లో, రైల్లో, చర్చిలో, ఆఖరికి ఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప వేరే భాష వినిపించకూడదని ప్రకటించాడు. తర్వాతి ఏళ్లలో డచ్చి ఆరాధనలు ఒక్కో చర్చిలో ఆగిపోతూ వచ్చాయి. పిల్లలకు అర్థం కావడం లేదని కొన్నిచోట్ల పెద్దలే మాన్పించారు. మాట ఇంట్లోంచి వెళ్లిపోతున్న రోజుల్లోనే పండగ బజారులోకి వచ్చింది. మీ వ్యాసంలో పండగను చూసి భాష బాగుందన్నారు. నేను ఉన్న ఊళ్లో అయితే ఆ రెండూ ఎదురెదురుగా నడిచాయి.

మరి అంతకుముందు డెబ్భై, ఎనభై ఏళ్లు భాష ఎలా బతికింది? నాకు అర్థమైనంతవరకు దానికి పని ఉంది కాబట్టి బతికింది. దేవుడితో మాట్లాడాలంటే డచ్చి కావాలి. పోట్లాడుకోవాలన్నా డచ్చే కావాలి. బాగా పోట్లాడుకున్నారు కూడా. 1857లో కొన్ని చర్చిలు వాన్ రాల్టె గారి చర్చి నుంచి విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నాయి, ఆ రెండు సంఘాలూ ఈ రోజుకీ వేరువేరే. ఒక డచ్చివాడుంటే పండితుడు, ఇద్దరుంటే చర్చి, ముగ్గురుంటే చీలిక అని వాళ్లే చెప్పుకుంటారు. మన సంఘాలు చీలుతున్నాయని మనం బాధపడతాం. వాళ్లు చీలింది కూడా సొంత భాషలో వాదించుకుని చీలారు. మనవాళ్ల మీటింగుల్లో దీపం వెలిగించేదాకా తెలుగు, అజెండా మొదలవగానే ఇంగ్లీషు. నేను స్వయంగా కూర్చుని చూశాను.

ఇంకో పని పత్రిక చేసింది. మీకు ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఇదే. హాలండ్‌లో 'డె గ్రోండ్‌వెట్' అనే డచ్చి వారపత్రిక 1860 నుంచి 1938 దాకా నడిచింది. అయోవాలోని ఆరంజ్ సిటీ అనే చిన్న ఊరి నుంచి 'డె ఫోల్క్స్‌ఫ్రెండ్', అంటే ప్రజామిత్ర, 1874 నుంచి 1951 దాకా వచ్చింది. డెబ్భై ఏడేళ్లు. ఆ పత్రికను నిలబెట్టినవి సంపాదకీయాలు కావు, ఉత్తరాలు. డకోటాలోనో మిన్నెసోటాలోనో చెదిరిపోయి ఉన్న ఒక్కో డచ్చి పల్లె నుంచి ఎవరో ఒకరు, ఒక రైతో, ఒక బడిపంతులో, తమ ఊరి కబుర్లు రాసి పంపేవాళ్లు. వాన పడిందా, గోధుమ ధర ఎంత, ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరు పోయారు, మిషిగన్ నుంచి ఎవరి చుట్టాలు వచ్చారు. వందల మైళ్ల దూరంలో ఉన్న అక్కాచెల్లెళ్లు ఒకరి సంగతి ఒకరు ఆ కాగితంలో చదువుకునేవారు. పండితుల డచ్చి కాదది, ఎవరికి వచ్చింది వాళ్లు రాశారు. పక్కింటి పెద్దాయన నానమ్మ ఆ పత్రికను ఆదివారం మధ్యాహ్నం పైకి చదివేదట. పిల్లలు నేల మీద కూర్చుని వినేవాళ్లట. తమకు తెలిసినవాళ్ల పేర్లు వస్తాయని చెవులు రిక్కించి వినేవాళ్లట.

మీ పత్రికకు ప్రవాసుల పేజీ ఉంది. రెండు నెలలుగా నేను కత్తిరించి దాచిన పేజీలు ఇప్పుడు నా ముందున్నాయి. ఫొటోలున్నాయి, పదవుల పేర్లున్నాయి, శాలువాలున్నాయి. ఒక్క ఉత్తరం లేదు. డాలస్‌లో తెలుగువాళ్లు పెరటి తోటలో గోంగూర ఎప్పుడు వేస్తున్నారో, ఎడిసన్‌లో ఏ పెద్దావిడ పిల్లలకు గుణింతాలు చెప్తోందో, డెట్రాయిట్‌లో ఎవరింట పెళ్లి కుదిరిందో అందులో నాకు దొరకదు. అవి వేసి చూడండి. సగం పేజీ ఇవ్వండి, వారానికి నాలుగు ఊళ్ల కబుర్లు చాలు. తప్పులుంటే దిద్దండి గానీ మరీ నునుపు చేయకండి, రాసినవాళ్ల యాస ఉండనివ్వండి. మనవలు చదవలేకపోయినా అమ్మమ్మలు పైకి చదువుతారు. మా అమ్మాయి పేరో, తన పేరో అందులో ఉంటే నా మనవరాలు వినకుండా ఉండదు.

మీరు సరేనంటే హాలండ్ ఊరి మొదటి ఉత్తరం నేనే పంపుతాను. రాయవలసినవి ఇప్పటికే పోగయ్యాయి. మే మొదటి వారం దాకా చలి తగ్గలేదు, ట్యూలిప్‌లు ఈసారి ఆలస్యం. మా వీధి చివర కొత్తగా ఒక తెలుగు కుటుంబం దిగింది, వాళ్లది తణుకు, ఆవిడ పుట్టిల్లు పెడన, మా చిన్నాన్నగారి వియ్యంకులకు దగ్గరి చుట్టాలని తేలింది. పక్కింటి పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయింది, కులాసాగా ఉన్నారు, లడ్డు అడిగారు. మా మనవరాలు బొజ్జ అంటే ఏమిటో తెలుసుకుంది, ఇప్పుడు పద్యంలో మిగతా మాటలు ఒక్కొక్కటీ అడుగుతోంది. రోజుకొకటి చెప్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
వలందపాలెం, మచిలీపట్నం
(ప్రస్తుతం: హాలండ్, మిషిగన్)